బాబు పిక్కల మీద వాతలు చూశాక

డేకేర్‌లో పనికి చేరి మూడు వారాలే అయిందని, అక్కడికొచ్చే మూడేళ్ళ బాబు పిక్కల మీద బెల్టు వాతల్లాంటివి చూశానని, వాడి అమ్మానాన్నలూ తెలుగువాళ్ళే కాబట్టి నోరు విప్పడానికి మనసొప్పడం లేదని రాశారు. అమ్మా, ముందు ఫోన్ చేయండి. మిగతాది ఆ తర్వాత చదవండి. పిల్లల మీద హింస గురించి చెప్పడానికి న్యూజెర్సీ ప్రభుత్వం పెట్టిన నంబరు 1-877-652-2873. రాత్రీ పగలూ ఎత్తుతారు. బిడ్డ ప్రాణానికి ఆ క్షణంలోనే ముప్పుందనిపిస్తే 911.

చాలా రాష్ట్రాల్లో ఇలా ఫోన్ చేసి చెప్పే బాధ్యత టీచర్లు, డాక్టర్లు, డేకేర్ సిబ్బంది లాంటి కొందరిదే. మన న్యూజెర్సీలో అలా కాదు. పద్దెనిమిదేళ్ళలోపు బిడ్డను హింసిస్తున్నారనో, పట్టించుకోకుండా వదిలేశారనో నమ్మడానికి తగిన కారణం కనబడితే ఎవరైనా సరే వెంటనే చెప్పి తీరాలి. తెలిసీ ఊరుకుంటే నేరం: ఆరు నెలల దాకా జైలు, 1,000 డాలర్ల దాకా జరిమానా. డేకేర్ డైరెక్టరు చెవిన వేశాను కదా అని చేతులు దులుపుకోకండి. ఆవిడకు చెప్పడం వేరు, ఫోన్ చేయడం వేరు. ఫోన్ మీరే చేయాలి.

ఏం చూశారు, ఎప్పుడు, ఒంటిమీద ఎక్కడ, బాబు తనంతట తాను ఏమన్నాడు, ఇంతే చెప్పండి. "నాన్న కొట్టాడా?" అని వాడిని గుచ్చి గుచ్చి అడగొద్దు. పసివాళ్ళు మనం అందించిన మాటనే తిరిగి అప్పజెబుతారు. రుజువు చేయడం మీ పని కాదు. మంచి ఉద్దేశంతో చెప్పినవారికి చట్టం రక్షణ ఇస్తుంది, పేరు చెప్పకుండా కూడా మాట్లాడవచ్చు.

"పొరపాటు పడితే?" అన్నారు. ఆ పొరపాటుకు అటువైపు నేను నిలబడ్డాను. మా రెండోవాడికి పుట్టుకతోనే నడుం కింద నీలం మచ్చలుండేవి. మన పిల్లల్లో ఇవి మామూలే. డైపర్ మార్చిన ఒకామె వాటిని దెబ్బలనుకుంది. ఇంటికి మనుషులొచ్చారు. నాకు వణుకు పుట్టింది, ఏడ్చాను. డాక్టరు పుట్టినప్పుడే ఆ మచ్చలు చార్టులో రాసి ఉంచడంతో అంతటితో అయిపోయింది. (మీకు పసిబిడ్డ ఉంటే ఆ మచ్చలు తప్పకుండా రాయించుకోండి.) కొన్నాళ్ళు ఆమె మీద కోపం ఉండేది. ఇప్పుడు లేదు. మావాడికి పడినవి నిజంగా దెబ్బలే అయితే వాడికి దిక్కు ఆమే.

"పిల్లల్ని లాక్కెళ్ళిపోతారట" అన్న భయం మనవాళ్ళలో చాలా ఉంది. అత్యవసరంగా కోర్టు ఉత్తర్వు లేకుండా తీసుకెళ్ళినా రెండు కోర్టు పనిదినాల్లో జడ్జి ముందు విచారణ జరగాలి. తల్లిదండ్రులు లాయర్ని పెట్టుకోవచ్చు. ఇక్కడ చట్టం చిన్న దెబ్బను నేరమనలేదు, అతిగా శిక్షించడాన్ని అంది. బెల్టు వాత తేలేలా కొట్టడం నా దృష్టిలో ఎటు చూసినా అతే. ఇదే రాష్ట్రం బడిలో పిల్లల్ని కొట్టడాన్ని 1867లోనే నిషేధించింది. పైగా ఇక్కడి పౌరసత్వం లేనివారికి పిల్లల హింస కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపేసే అవకాశం కూడా ఉంది. ఇది కొట్టే చేతులకు ముందే తెలియాల్సిన సంగతి.

సాయంత్రం ఆ తల్లి బాబు కోసం వస్తే ఎప్పటిలాగే పలకరించండి. ఫోన్ సంగతి ఎత్తకండి, ఇంటికెళ్ళాక ఆ కోపం వాడి మీదే పడొచ్చు. ఆవిడ ఒంటిమీదా దెబ్బలు ఉన్నాయేమో ఎవరికి తెలుసు? 1985 నుంచి ఇక్కడి దక్షిణాసియా స్త్రీలకు అండగా ఉన్న మానవి అనే సంస్థ ఉంది. ఒంటరిగా దొరికినప్పుడు ఆ పేరు ఆవిడ చెవిన వేయండి.