దూరాన ఉన్న కంప్యూటరును నడపబోయే మేనకోడలికి

చిరంజీవి పెద్దమ్మాయికి, విజయనగరం నుండి మీ మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.

పలాసలో బావగారి జీడిపప్పు బట్టీ లెక్కల కంప్యూటరును ఇకపై నువ్వు హైదరాబాదు నుండి చూసుకుంటావని తెలిసి సంతోషించాను. పదేళ్లుగా ఆ పని ఇక్కడ నా గదిలో కూర్చుని నేనే చేస్తున్నాను కనుక, దూరాన ఉన్న కంప్యూటరును నడిపే ఎనీడెస్క్ ప్రోగ్రామును ఎలా తెరవాలో కాక, తెరిచాక ఎక్కడ చేయి కాలుతుందో వ్రాస్తున్నాను.

ఏ మీట నొక్కబోయినా, నొక్కిన తరువాత మళ్లీ లోపలికి రాగలనా లేదా అని ముందు ఆలోచించు. ఒక రాత్రి ఇంటర్నెట్ నత్తనడక నడుస్తోందని, అక్కడి నెట్‌వర్క్ కార్డును ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేద్దామనుకుని 'డిసేబుల్' నొక్కాను. మరుక్షణం నా తెర మీద బొమ్మ బిగుసుకుపోయింది. అటువైపు ఆ కార్డును మళ్లీ ఆన్ చేసే దారి ఉంది కానీ, నేను దానిమీదుగానే లోపలికి వెళ్లానన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. తెల్లవారి గుమస్తాగారు వచ్చి గది తాళం తీసేదాకా జీడిపిక్కల లారీ బిల్లు లేక గేటు దగ్గరే నిలబడింది. 'రీస్టార్ట్' అనుకుని 'షట్‌డౌన్' నొక్కినా ఇదే గతి.

ఎనీడెస్క్‌ను అక్కడ పూర్తిగా ఇన్‌స్టాల్ చేసి, మనిషి లేకున్నా ప్రవేశించేందుకు పాస్‌వర్డు పెట్టి ఉంచాను. అందువల్లనే కంప్యూటరు రీస్టార్ట్ అయ్యాక ఎవరూ లాగిన్ కాకపోయినా నువ్వు వెళ్లగలవు. ఇన్‌స్టాల్ చేయకుండా ఫైలును నేరుగా నడిపితే, విండోస్ అనుమతి అడిగే పెట్టె రాగానే నీ చేతులు కట్టేసినట్టవుతుంది.

పలాస కరెంటు సంగతి నీకు నేను చెప్పాలా? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ చుట్టుపక్కలే తీరం దాటింది. అంత పెద్ద తుపాను రాకున్నా, వర్షాకాలంలో యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు నిలబడుతుందని? కరెంటు రాగానే కంప్యూటరు దానంతటదే ఆన్ అయ్యే అమరిక బయోస్‌లో, అంటే కంప్యూటరు లేవగానే మొదట నడిచే ప్రోగ్రాములో, ఉంటుంది. కొత్త కంప్యూటరు కొన్నాక దానిని పెట్టనేలేదు, ఆ తప్పు నాదే. బయోస్ విండోస్ కంటే ముందు తెరుచుకుంటుంది కనుక ఎనీడెస్క్‌తో దానిని అందుకోలేవు, ఎదురుగా కూర్చునే చేయాలి. నిద్రలోకి జారే అమరికను మాత్రం నేను తీసివేశాను.

చిన్న సంగతి ఒకటి: సరైన పాస్‌వర్డే కొట్టినా తప్పంటే, అక్కడి కీబోర్డు మీద క్యాప్స్ లాక్ దీపం వెలుగుతోందేమో గుమస్తాగారిని అడుగు.

ఆయనకు ఫోన్ చేయకుండా ఎప్పుడూ లోపలికి వెళ్లకు. ఇద్దరికీ తెర మీద ఉండేది ఒక్క బాణమే. ఆయన బస్తాల లెక్క ఎక్కిస్తుండగా నువ్వు మౌస్ లాగితే అంకె వెళ్లి వేరే గడిలో పడుతుంది. అలా పడిన ఒక సున్నాను వెతకడానికి మాకు ఒక ఆదివారం పట్టింది. పెద్దాయన, నొచ్చుకుంటే పైకి చెప్పరు కూడా.

విండోస్‌లోనే రిమోట్ డెస్క్‌టాప్ ఉంది కదా అని ఎవరైనా అంటారు. మనది హోమ్ ఎడిషన్, అది బయటివారిని రానివ్వదు. ప్రో ఎడిషన్ కొని, రౌటరులో రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టు తెరిస్తే చాలని కూడా చెబుతారు, ససేమిరా ఒప్పుకోకు. లోకంలోని దొంగ ప్రోగ్రాములన్నీ పగలూ రాత్రీ తట్టి చూసే తలుపు అదే. ఎనీడెస్క్‌లో రెండువైపుల నుండీ కంప్యూటర్లే బయటికి వెళ్లి కలుసుకుంటాయి కనుక రౌటరులో ఏ తలుపూ తీయనక్కరలేదు.

ఎనీడెస్క్‌లోనూ మోసగాళ్లు లేకపోలేదు. దానిని ఫోనులో పెట్టించి ఖాతాలు ఖాళీ చేస్తున్నారని 2019 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకే హెచ్చరించింది. తెర మీది నంబరు నువ్వూ నేనూ తప్ప ఎవరడిగినా, బ్యాంకు వాళ్లమని చెప్పినా, ఇవ్వవద్దని గుమస్తాగారికి ఇంకొకసారి చెప్పు. డబ్బు పోతే ఆలోచించకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయమను.

సిరిమానోత్సవానికి విజయనగరం వచ్చేముందు ఒక పూట పలాసలో ఆగి ఆ బయోస్ అమరిక పెట్టేయి. తరువాత యూపీఎస్ నుండి ప్లగ్గు పీకి, మళ్లీ పెట్టి, కంప్యూటరు తనంతట తాను లేచిందో లేదో అక్కడే కూర్చుని చూడు. పాస్‌వర్డు కాగితం మీ అమ్మ బీరువాలో పెట్టాను.

ఇట్లు,
మీ మేనమామ