కొత్త కెమెరా ఫుటేజ్ అడోబీ ప్రీమియర్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆగి ఆగి ఆడుతోందా?

కెమెరా ఎక్స్‌పో స్టాల్‌లో సాఫీగా ఆడిన క్లిప్ విజయనగరం వచ్చాక మీ సిస్టమ్‌లో నత్తనడక నడుస్తోందంటే తప్పు కెమెరాది కాదు. మీరు తీసిన సిరిమాను ఉత్సవం ఫుటేజ్ 4:2:2, 10 బిట్, హెచ్.265, అంటే రంగుల వివరం ఎక్కువగా ఉండి, గట్టిగా కుదించిన రకం. దాన్ని డీకోడ్ చేసే (విప్పి ఆడించే) సామర్థ్యం మీ ఆర్టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డుకి లేదు. మీ 12వ తరం ఇంటెల్ ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్ ఆ పని చేస్తుంది.

1. కంప్యూటర్ ఆన్ అవుతున్నప్పుడు తెరిచే బయోస్ సెట్టింగుల్లోకి వెళ్ళి ఐజీపీయూ (ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్) మల్టీ మానిటర్ ఆన్ చేయండి. మదర్‌బోర్డును బట్టి పేరు కొంచెం మారుతుంది. అందరూ వదిలేసేది ఇదే. విడిగా కార్డు పెట్టగానే చాలా బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ని ఆపేస్తాయి. ఇది తెలియక నేను రెండు పెళ్ళి వీడియోలు ప్రాక్సీలతోనే (ఎడిటింగ్ కోసం చేసుకునే తేలికపాటి కాపీలతోనే) లాగించాను.
2. ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ వేయండి.
3. ప్రీమియర్ ప్రిఫరెన్సెస్‌లో మీడియా తెరిచి, హార్డ్‌వేర్ డీకోడింగ్ దగ్గర ఇంటెల్‌కి టిక్ పెట్టి, రీస్టార్ట్ చేయండి.

ప్రాసెసర్ నంబర్ చివర ఎఫ్ ఉంటే మాత్రం లోపల గ్రాఫిక్సే ఉండదు, ఈ కార్డుతో ప్రాక్సీలే గతి.