గోదారి గట్టున బొమ్మలేయబోతున్న మేనకోడలికి

చి. చిన్నీకి,

మావయ్య ఆశీస్సులు. ఫొటోలు చూసి వేయడం మానేసి, రాజమండ్రిలో రేవు దగ్గర కూర్చుని ఆయిల్ రంగులతో బొమ్మలు వేస్తానన్నావట. మీ అమ్మకి ఎండ భయం. నాకున్న భయం వేరు.

అక్కడ గోదారి మనకి పడమర. పొద్దున్నే నది వైపు తిరిగి ఈజిల్ (కాన్వాస్ నిలబెట్టే స్టాండు) పెడితే సూర్యుడు వీపు వెనక ఉంటాడు, ఎండంతా తిన్నగా కాన్వాస్ మీదే పడుతుంది. ఆ వెలుగులో ప్రతి రంగూ లేతగా కనిపించి, తెలీకుండానే ముదురు కలిపేస్తాం. నేనొకసారి హేవలాక్ వంతెన అలాగే వేశాను. అక్కడ మెరిసిపోయింది. ఇంటికి తెచ్చి గోడకి ఆనిస్తే బొగ్గుల కుంపటిలా ఉంది! మీ అత్తయ్య "రాత్రి పూట వేశారా?" అంది. అందుకని ఈజిల్ కాస్త పక్కకి తిప్పి, కాన్వాసూ, రంగులు కలిపే పాలెట్టూ రెండూ నీడలో ఉండేట్టు చూసుకో. గొడుగైతే నల్లదే. రంగుల గొడుగు తన రంగు బొమ్మకి పులుముతుంది. ఆ ఎర్ర చుడీదార్ కూడా వద్దు, ఎండలో దాని రంగు కాన్వాస్ మీద పడుతుంది.

పెద్ద సైజు పెట్టుకోకు, ఎనిమిది బై పది అంగుళాలు చాలు. కళ్ళు చికిలించి చూడు, వివరాలు పోయి నీడలూ వెలుగులూ మిగులుతాయి. ముందు నీడల ఆకారాలు వేసెయ్. గంటన్నర గడిచాక అవి జరిగిపోతాయి, వాటి వెంట పడకు. ఫ్రెంచి చిత్రకారుడు మోనే 1890, 91 ల్లో గడ్డిమేట్లు వేసేటప్పుడు వెలుగు మారగానే ఆ కాన్వాస్ పక్కన పెట్టి ఇంకోటి అందుకునేవాడు. మనకి అన్ని కాన్వాసులు కొనే స్తోమత లేదు గానీ, ఆపి మర్నాడు అదే టైముకి వెళ్ళొచ్చు.

నల్ల ట్యూబు ఇంట్లో వదిలెయ్. అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమ రంగు కలిపితే చిక్కటి ముదురు వస్తుంది, కావలిస్తే నీలం వైపు చల్లగా, కావలిస్తే గోధుమ వైపు వెచ్చగా తిప్పుకోవచ్చు. తెలుపు మాత్రం పెద్ద ట్యూబు కొను.

చూసేవాళ్ళు మూగుతారు. "ఎంతకిస్తావమ్మా" అంటారు. నవ్వి ఊరుకో. టర్పెంటైన్‌తో కుంచెలు తుడిచిన గుడ్డలు నదిలో పడేయకుండా సంచిలో ఇంటికి తెచ్చుకో.

ఆదివారం వస్తాను. బాగోనివి దాచకు, ఇంట్లో కూర్చుని దిద్దకు. అలాగే ఉంచు, చూస్తాను.

మీ మావయ్య