తల్లి కోసం ఊరెళితే ఇల్లు పోతుందా?

ప్రశ్న: న్యూయార్క్‌లోని ఎల్మ్‌హర్స్ట్‌లో రెంట్ స్టెబిలైజ్డ్ (అద్దె పెంపుకు చట్టం హద్దు పెట్టే, అక్కడే కాపురముంటే లీజు పొడిగింపు హక్కు ఉండే) ఫ్లాటులో 19 ఏళ్లుగా అద్దెకు ఉంటున్నాను. అమ్మకు పక్షవాతం వస్తే సెప్టెంబరు 12న తెనాలి వెళ్లి, ఏప్రిల్ 20న తిరిగొచ్చాను. అన్నాళ్లూ నా మేనల్లుడు ఫ్లాటులో ఉన్నాడు. ఇది నా ప్రధాన నివాసం కాదని, లీజు పొడిగించనని ఇంటి యజమాని నోటీసు పంపాడు. ఏడాదిలో 183 రోజులు ఉండాలట. ఖాళీ చేయాల్సిందేనా?
- ఒక పాఠకుడు

జవాబు: అప్పుడే సామాను సర్దకండి. నోటీసు ఇచ్చినంత మాత్రాన మిమ్మల్ని బయటికి పంపలేరు, దానికి కోర్టు తీర్పు కావాలి. న్యూయార్క్‌లోనే జమైకా అనే పేటలో ఉన్న హౌసింగ్ కోర్టులో (ఇంటి అద్దె కేసులు చూసే కోర్టు) పదేళ్లు తెలుగు దుభాషిగా పనిచేశాను. నోటీసు చూడగానే హడలిపోయి తాళాలు ఇచ్చేసినవాళ్లను చూశాను.

ముందు నోటీసు మీద తేదీ చూడండి. లీజు ముగియడానికి 150 నుంచి 90 రోజుల ముందు అది మీకు అందాలి. ఆ గడువు తప్పిందా, మీ లాయరుకు మొదటి వాదన దొరికినట్టే.

ఇక 183 సంగతి. అది జనవరి నుంచి డిసెంబరు వరకు కట్టే లెక్క. మీరు వెళ్లిన ఏడాదిలో 111 రోజులు, వచ్చిన ఏడాదిలో 110 రోజులు లేరు, అంతే. పైగా జడ్జి అదొక్కటే చూడరు. పన్ను రిటర్ను, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు నమోదు ఏ చిరునామాతో ఉన్నాయో కూడా చూస్తారు. అమ్మగారి ఆసుపత్రి కాగితాలు, విమాన టికెట్లు తీసి పెట్టుకోండి.

నాకు అనుమానమల్లా మేనల్లుడి దగ్గరే. అతను మీకు డబ్బు ఇచ్చాడా? ఆ ముక్క మీరు రాయలేదు. యజమానిని రాతపూర్వకంగా అడగకుండా సబ్‌లెట్‌కు (మీ అద్దె ఇంటిని మరొకరికి అద్దెకు) ఇచ్చారని తేలితే కేసు మరో దారి పడుతుంది. నాకు చెప్పకపోయినా ఫరవాలేదు, లాయరు దగ్గర మాత్రం దాచకండి.

ఇంకొకటి. తెనాలిలో ఏదైనా రిజిస్ట్రేషను చేయించారా? మన దస్తావేజు లేఖరులు అలవాటుకొద్దీ ‘తెనాలి కాపురస్తులు’ అని రాసేస్తారు. ఒక పెద్దాయన కేసులో అవతలి లాయరు అలాంటి దస్తావేజునే బయటపెట్టాడు. ‘కాపురస్తుడు’ అంటే ఏమిటో జడ్జికి ఇంగ్లిషులో చెప్పాల్సింది నేనే. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ఆదాయం తక్కువైతే, 2017లో నగరం చేసిన చట్టం కింద ఇలాంటి కేసుల్లో లాయరు ఉచితంగా దొరుకుతారు. నగర సహాయ నంబరు 311కు ఫోను చేయండి. కోర్టు కాగితం వస్తే ఆ తేదీకి తప్పక వెళ్లండి, తెలుగు దుభాషి కావాలని ముందే అడగండి.