పాత యాంప్లిఫయరుకు కొత్త డాక్ కలిపితే శబ్దం అదుపులో ఉండటం లేదు: సిగ్నల్‌ను ఎక్కడ, ఎలా తగ్గించాలి?

వాల్యూమ్ నాబ్ తొమ్మిది గంటల స్థానం దాటగానే ఇల్లంతా హోరెత్తడం, అంతకంటే తగ్గిస్తే ఎడమ స్పీకరు మాత్రమే గట్టిగా పలకడం, పాట ఆగినప్పుడు సన్నని బుస వినిపించడం అని మీరు మూడు ఇబ్బందులు రాశారు. చెన్నైలో మా నాన్నగారి కాలంనాటి యాంప్లిఫయరుకు కంప్యూటరు పక్కనున్న డాక్‌ను (DAC, అంటే డిజిటల్ సంగీతాన్ని యాంప్లిఫయరుకు పనికివచ్చే సిగ్నల్‌గా మార్చే పెట్టెను) కలిపిన రోజున నాకూ ఈ మూడూ ఎదురయ్యాయి. కంప్యూటరులోనే శబ్దం తగ్గించుకోవాలా, రెడీమేడ్‌గా దొరికే అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తగ్గించే చిన్న పరికరం) కొనాలా, రెసిస్టర్లు స్వయంగా అతికించుకోవాలా అన్న మీ ప్రశ్నకు నా సమాధానం మూడవదే. అయితే వాటిని యాంప్లిఫయరు వైపు కొసన పెట్టాలి, విలువలు చిన్నవిగా ఉండాలి. ఈ రెండు షరతులూ నేను ఒకసారి తప్పు చేసి నేర్చుకున్నవి.

ముందు కారణం చూద్దాం. 1982లో సీడీ వచ్చినప్పటి నుంచి ప్లేయర్ల గరిష్ఠ అవుట్‌పుట్ సుమారు 2 వోల్టులుగా స్థిరపడింది, నేటి డాక్‌లు చాలావరకు అదే అనుసరిస్తున్నాయి. అంతకు ముందరి యాంప్లిఫయర్లు రేడియో ట్యూనరును, టేప్ డెక్కును దృష్టిలో ఉంచుకుని తయారైనవి కనుక, వాటిలో చాలావాటికి పూర్తి శక్తితో పలకడానికి 150 మిల్లీవోల్టులే చాలు. ఈ రెండింటికీ మధ్య తేడా, సిగ్నల్ స్థాయిల నిష్పత్తిని చెప్పే డెసిబెల్స్ లెక్కలో, 22 పైచిలుకు. నాబ్ లోపల ఒకే ఇరుసుపై కుడి ఎడమలకు రెండు వేర్వేరు పట్టీలు ఉంటాయి, అవి మధ్య భాగంలో చక్కగా జతపడినా అట్టడుగున ఒకదానికొకటి పొంతన కుదరవు. మీరు వాడుతున్నది సరిగ్గా ఆ అట్టడుగు భాగమే. నాకీ సంగతి పట్టించింది ఘంటసాల గారి పాత మోనో రికార్డింగు. మోనోలో గొంతు రెండు స్పీకర్లకు నట్టనడుమ వినిపించాలి, మా ఇంట్లో మాత్రం అది కిటికీ వైపుకు జరిగిపోయింది.

బుస సంగతి వేరు. నాబ్‌ను పూర్తిగా సున్నాకు తిప్పి వినండి. అప్పుడు కూడా బుస అంతే ఉంటే అది నాబ్ తర్వాతి దశలో పుడుతున్నది, ఇన్‌పుట్ దగ్గర ఎన్ని రెసిస్టర్లు పెట్టినా తగ్గదు. ప్రీ యాంప్లిఫయరు (నాబ్ ఉండే మొదటి దశ), పవర్ యాంప్లిఫయరు (స్పీకర్లను నడిపే చివరి దశ) విడివిడిగా ఉన్నవారు ఆ రెండింటి నడుమ సిగ్నల్‌ను తగ్గిస్తే ప్రీ యాంప్లిఫయరు బుస కూడా దానితోపాటే తగ్గుతుంది. ఒకే పెట్టెలో రెండూ ఉన్న మీకూ నాకూ ఆ వీలు సాధారణంగా ఉండదు.

కంప్యూటరులో శబ్దం తగ్గిస్తే నాణ్యత పోతుందన్న భయం కొంత అతిశయోక్తి. ప్రతి 6 డెసిబెల్స్‌కు సుమారు ఒక బిట్ చొప్పున పోతుందన్నది నిజమే కాని, 24 బిట్ల డాక్‌లో 10 డెసిబెల్స్ తగ్గించినంత మాత్రాన చెవికి తెలిసే నష్టం ఉండదు. నేను ఆ పద్ధతి మానుకున్నది వేరే కారణంతో. ఒకనాటి తెల్లవారుజామున ఏదో అప్‌డేట్ తర్వాత కంప్యూటరు వాల్యూమ్ తనంతట తానే నూటికి చేరింది. ఫ్లాటులో గోడకు అవతలివారు ఏమనుకున్నారో కాని మా అమ్మ మాత్రం వారం రోజులపాటు నన్ను వదలలేదు.

ఇక నా తప్పు. 10 డెసిబెల్స్ తగ్గించాలని ఒక్కో ఛానెల్‌కు వరుసలో 220 కిలో ఓమ్, గ్రౌండుకు 100 కిలో ఓమ్ తీసుకున్నాను. నూటిని మూడువందల ఇరవైతో భాగిస్తే దాదాపు మూడో వంతు వస్తుంది, లెక్క సరిపోయిందనుకున్నాను. వాటిని డాక్ వైపు ప్లగ్గులో అమర్చి, అక్కడి నుంచి నాలుగు మీటర్ల కేబుల్‌ను హాలు అవతలి మూలకు తీసుకెళ్లాను. యాంప్లిఫయరుకు స్వంతంగా 47 కిలో ఓమ్‌ల ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం) ఉందనీ, అది నా 100 కిలో ఓమ్‌కు సమాంతరంగా నిలిచి దాన్ని 32 కిలో ఓమ్‌కు దించేస్తుందనీ నాకు తట్టలేదు. 10 అనుకున్నది 18 డెసిబెల్స్ అయింది. అంతకంటే బాధించినది, కంజీర బిళ్ళల గలగల మసకబారడం. కేబుల్‌కు కూడా కొంత కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని నిల్వచేసే గుణం) ఉంటుంది, మీటరుకు 100 పికోఫారడ్ల చొప్పున వేసుకున్నా ఆ కేబుల్‌లో 400 పికోఫారడ్లు ఉంటాయి. అంత పెద్ద రెసిస్టర్లతో కలిసి అవి 14 కిలోహెర్ట్జ్ దగ్గరే 3 డెసిబెల్స్ మింగేస్తాయి. పైగా ఇంపీడెన్స్ పెరిగిన తీగ ఇంట్లోని కరెంటు గుయ్యిమనే మోతను మరింత సులభంగా పట్టుకుంటుంది.

రెండవసారి వరుసలో 10 కిలో ఓమ్, గ్రౌండుకు 4.7 కిలో ఓమ్ వాడి, వాటిని యాంప్లిఫయరు వైపు ప్లగ్గులోకి మార్చాను. నా 47 కిలో ఓమ్‌ల ఇన్‌పుట్‌తో కలిసి తగ్గుదల 10.5 డెసిబెల్స్. ఈ విలువలలోని సౌకర్యం ఏమిటంటే, మీ యాంప్లిఫయరు ఇన్‌పుట్ 20 కిలో ఓమ్ అయినా 100 కిలో ఓమ్ అయినా ఫలితం ఒక్క డెసిబెల్ కంటే ఎక్కువ మారదు. 15 డెసిబెల్స్ కావాలనుకుంటే 4.7 స్థానంలో 2.2 కిలో ఓమ్ పెట్టండి. డాక్‌కు ఇది 12 నుంచి 14 కిలో ఓమ్‌ల భారం, మామూలు డాక్‌లు దీన్ని తేలికగా మోస్తాయి. వాల్వుల (పాతకాలపు గాజు ట్యూబుల) అవుట్‌పుట్ ఉన్న పరికరమైతే మాత్రం ముందు దాని అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఎంతో చూసుకోవాలి.

రెసిస్టర్లు నేను రిచీ స్ట్రీట్‌లో కొన్నాను, మీరు ఉండే బెంగళూరులో ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి. పావు వాటు, ఒక శాతం మెటల్ ఫిల్మ్ అని అడగండి. ఒక్కో విలువకు పది తీసుకుని, మల్టీమీటరుతో కొలిచి, దగ్గరగా ఉన్న జతలను కుడి ఎడమలకు వాడండి. కేబుల్ మధ్య తీగ 10 కిలో ఓమ్ ద్వారా ప్లగ్ నడిమి సూదికి చేరాలి, ఆ సూది నుంచి 4.7 కిలో ఓమ్ షీల్డుకు (మధ్య తీగ చుట్టూ ఉండే గ్రౌండు అల్లికకు) పోవాలి, షీల్డు మాత్రం తెగకుండా నేరుగా సాగాలి. ప్లగ్ లోహపు తొడుగు తగలకుండా ష్రింక్ ట్యూబ్ (వేడి చేస్తే బిగుసుకునే ప్లాస్టిక్ గొట్టం) తప్పనిసరి. టంకం పెట్టడం ఇష్టం లేనివారికి రెడీమేడ్ అటెన్యుయేటర్లు పనికివస్తాయి కాని, అవి పెట్టె వెనుక పొడుచుకు వచ్చి పాత సాకెట్ల మీద బరువు వేస్తాయి, లోపలి విలువలు కూడా కొలిస్తే గాని తెలియవు.

తేడా 22 డెసిబెల్స్ ఉంది కదా అని మొత్తం తగ్గించకండి. పాత రికార్డింగులు చాలావరకు తక్కువ స్థాయిలో ఉంటాయి, వాటికి నాబ్‌లో కొంత జాగా మిగలాలి. యాంప్లిఫయరు వెనుక ఫోనో అని రాసి ఉన్న ఇన్‌పుట్‌కు మాత్రం ఎంత తగ్గించినా డాక్‌ను కలపకూడదు. అది గ్రామఫోను పిన్ను నుంచి వచ్చే కొద్ది మిల్లీవోల్టుల కోసం ఏర్పాటైనది, బేస్‌ను పెంచి ట్రెబుల్‌ను కోసే సవరణ అందులోనే ఉంటుంది. స్పీకరు తీగల నుంచి సిగ్నల్ తీసుకుని ఇలాగే తగ్గించి వాడదామన్న ఆలోచన ఉంటే, కొన్ని యాంప్లిఫయర్లలో స్పీకరు మైనస్ తీగ గ్రౌండు కాదని గుర్తుంచుకోండి. దాన్ని షీల్డుకు కలిపితే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కాలిపోయే ప్రమాదం ఉంది.

నేను తెల్లవారుజామున వినే స్థాయికి ఇప్పుడు నాబ్ పదకొండు గంటల దగ్గర నిలుస్తోంది. ఘంటసాల గారి గొంతు కిటికీ వదిలి నడుమకు వచ్చింది. నాబ్ సున్నాలో ఉన్నప్పటి సన్నని బుస మాత్రం అలాగే ఉంది.