పేపరంతా ఒక్క బొమ్మలో

చిరంజీవి మేనకోడలికి దీవెనలు.

వరిలో ఆరుతడి మీద నీ పరిశోధన పేపర్‌కి గ్రాఫికల్ అబ్‌స్ట్రాక్ట్, అంటే పేపర్ సారమంతా చెప్పే ఒక్క బొమ్మ, కావాలన్నారు కదా. కంప్యూటర్ తెరవకముందే కాగితం మీద ఒక వాక్యం రాసుకో: "మడిలో నీరు ఆరనిచ్చి మళ్లీ పెడితే మీథేన్ తగ్గుతుంది, నైట్రస్ ఆక్సైడ్ కొంత పెరుగుతుంది." ఇందులో లేనిదేదీ బొమ్మలోకి రాకూడదు. వాయువుల్ని పట్టే ఛాంబర్లు, వాటిని కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్, కాలేజీ లోగో, ఇవన్నీ పేపర్ లోపలే ఉండనీ. వాక్యంలో రెండో సగాన్ని మాత్రం వదిలెయ్యకు. నీ కొలతల్లో నైట్రస్ ఆక్సైడ్ పెరిగి ఉంటే, దాన్ని దాచిన బొమ్మ ఎంత అందంగా ఉన్నా తప్పుడు బొమ్మే.

రెండు మళ్లను నిలువుగా కోసినట్టు పక్కపక్కన గీయి. ఎడమవైపు నిలవ నీరు. కుడివైపు నీటి మట్టం నేలకి 15 సెంటీమీటర్ల కింద, అది తెలిసేలా మట్టిలో దించిన చిల్లుల గొట్టం. ఆ గొట్టం కనిపిస్తే వరి మీద పనిచేసేవాళ్లకి ఇంకో మాట అక్కర్లేదు.

మీథేన్ గాల్లోకి పోవడాన్ని చూపే బాణం ఎక్కణ్ణుంచి లేస్తుందో జాగ్రత్త. చాలామంది నీళ్లలో బుడగలు గీసి ఊరుకుంటారు. నిజానికి అందులో ఎక్కువ భాగం వేళ్లలోకి చేరి, మొక్క లోపలి గాలి సందుల గుండా పైకి పోతుంది. అందుకని బాణం వేళ్ల దగ్గర మొదలై మొక్కలోంచే బయటికి రావాలి.

బాణం లావు నీ అంకెల ప్రకారమే ఉండాలి. మీథేన్ సగానికి తగ్గితే పొడవు కదపకుండా లావు సగం చెయ్యి. రెండూ సగం చేస్తే కంటికి నాలుగో వంతులా ఆనుతుంది. వృత్తాలు వాడితే వ్యాసం సగం కాదు, 0.71 వంతు. రెండు వాయువుల్నీ కిలోల్లో పక్కపక్కన పెట్టకు, కార్బన్ డయాక్సైడ్ సమానంలోకి మార్చు. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ ఆరో నివేదిక ప్రకారం, వందేళ్లలో భూమిని వేడెక్కించే లెక్కలో కిలో నైట్రస్ ఆక్సైడ్ 273 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, కిలో పొలం మీథేన్ 27 కిలోలతో.

ఎల్సెవియర్ ప్రచురణ సంస్థ పత్రికలైతే కనీసం 1328 పిక్సెళ్ల వెడల్పు, 531 ఎత్తు అడుగుతాయి. తెరమీద అది 13 సెంటీమీటర్ల వెడల్పులో కనిపిస్తుంది. ఏ4 కాగితం అడ్డంగా పెట్టి 12 పాయింట్లలో రాస్తే అక్కడికి వచ్చేసరికి అక్షరం 5 పాయింట్లే. మొదటి నుంచీ 13 సెంటీమీటర్ల మీదే గీయి, 8 పాయింట్లకి తగ్గకు. ఎరుపు, ఆకుపచ్చ జంట వద్దు, ఆ తేడా తెలియని కళ్లు చాలా ఉన్నాయి. నీలం, నారింజ తీసుకుని, ఒకసారి నలుపు తెలుపులోకి మార్చి చూడు. ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో గీస్తే, మళ్లీ దిద్దుకోడానికి ఎస్‌వీజీ ఫైలు దాచుకుని పీడీఎఫ్‌గానో టిఫ్‌గానో పంపు. జేపెగ్‌లో అక్షరాల అంచులు మసకబారతాయి.

చివరికి వేరే డిపార్ట్‌మెంట్ స్నేహితురాలికి ఐదు సెకన్లు చూపించి మూసెయ్యి. "బాగుందా?" అని అడగొద్దు, "ఏది తగ్గింది, ఏది పెరిగింది?" అని అడుగు. "ఏదో వరిపొలం" అందంటే బాణాలు ఇంకా లావెక్కాలి, మడి రంగులు వెలవెలబోవాలి.

మీ మామయ్య