రెండేళ్ల బాబు ప్లేస్కూల్లో పిల్లలను కొరుకుతున్నాడు, తిరిగి కొరికితే మానతాడా?

మానడు చెల్లెమ్మా. తిరిగి కొరకమని మీ అత్తగారు చెప్పిన ఈ వైద్యం మా హనుమకొండలో కూడా ప్రతి ఇంట్లోనూ వినిపించేదే. పెద్దవాళ్లు కొరికితే, కోపం వచ్చినప్పుడు కొరకవచ్చని వాడు నేర్చుకుంటాడు. నోట్లో కారం పెట్టమనే వాళ్లూ ఉంటారు, వాళ్ల మాట అసలే వినకండి.

ఏడాది దాటినప్పటి నుంచి మూడేళ్ల దాకా చాలామంది పిల్లలు కొరుకుతారు. ‘నాది’, ‘జరుగు’ అనే మాటలు రాకముందే పళ్లు వచ్చేస్తాయి మరి! రెండేళ్ల ప్రాంతంలో వెనక దవడ పళ్లు వస్తుంటే చిగుళ్ల సలపరం ఒకటి. శుభ్రమైన తడిగుడ్డ ఫ్రిజ్‌లో చల్లబరిచి ఇస్తే నములుతాడు.

మా చిన్నదాని విషయంలో నాకు పనికొచ్చింది, కొరకడానికి ముందు ఏం జరుగుతోందో గమనించడం. ఒక బతుకమ్మ పండక్కి ఇంటి నిండా బంధువుల పిల్లలు, దానికేమో మధ్యాహ్నం నిద్ర లేదు. మా అక్క కొడుకు దాని చేతిలోని తంగేడు కొమ్మ లాగాడు. ముందు ఒళ్లు బిగుసుకుంది, గొంతులో చిన్న మూలుగు, ఆ తర్వాతే వాడి భుజం మీద పళ్లు పడ్డాయి. ఆ బిగుసుకోవడం గుర్తుపట్టడం అలవాటయ్యాక, మధ్యలో చేయి అడ్డం పెట్టి, “నాది అని చెప్పు” అని మాట అందించేదాన్ని. మీరూ టీచరును ఏ వేళలో, ఎవరిని, దేని కోసం కొరుకుతున్నాడో రాసిపెట్టమని అడగండి. రోజూ భోజనానికి ముందే అయితే అది ఆకలి.

కొరికేశాడా, ముందు ఏడుస్తున్న బిడ్డను దగ్గరికి తీసుకోవాలి. మీవాడితో కళ్లలోకి చూస్తూ “కొరకకూడదు, నొప్పి పుడుతుంది” అంటే చాలు, ఉపన్యాసం అక్కర్లేదు. చుట్టూ చేరి అరిచినా, నవ్వినా వాడికి అదొక ఆటైపోతుంది. మా మరిది మా చిన్నదాన్ని ‘కుక్కపిల్ల’ అని పిలిచి నవ్వేవాడు. ఆ పేరు మాన్పించడానికి పిల్లతో కంటే ఆయనతోనే ఎక్కువ కష్టపడ్డాను.

చర్మం తెగితే సబ్బుతో, ధారగా పడే నీటితో బాగా కడిగి డాక్టరుకు చూపించాలి. మూడేళ్లు దాటినా కొరకడం తగ్గకపోయినా, రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి చెప్పలేకపోతున్నా, పిల్లల డాక్టరు దగ్గర మాటతో పాటు వినికిడి కూడా పరీక్ష చేయించండి. మా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో పిల్లల విభాగం ఉంది.